రెండో కుండ

మా బావ పోయి నెల తిరగలేదు. మొన్న సాయంత్రం అతని మనవడు బడినుంచి వచ్చి, తమ బళ్ళో సైన్సు ప్రదర్శన పెడుతున్నారనీ, ఒక్కొక్క పిల్లవాడూ ఒక ప్రయోగం చూపించాలనీ చెప్పాడు. తోటివాళ్ళలో ఒకడు కరెంటు గంట చేస్తున్నాడట. ఇంకొకడు ఆవిరితో తిరిగే చక్రం చేస్తున్నాడట. "తాతయ్య ఉంటే చెప్పేవాడు. మీరేదైనా చెప్పండి తాతగారూ. తేలికది," అన్నాడు.

సరేనన్నాను. ఇదే ప్రశ్న పట్టుకుని వాడి తాతా నేనూ ఒక ఎండాకాలం గడిపాం. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. అందుకని రాసి పెడుతున్నాను.

నేను చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో ఉండి చదువుకున్నాను. మా నాన్నది మెట్ట ప్రాంతం, అక్కడ బడి లేదు. అమ్మమ్మగారి ఊరు గోదావరి పాయ ఒడ్డున, సముద్రానికి ఒక పూట నడక దూరంలో ఉండేది. ఊరికి ఒకపక్క పాయ, రెండోపక్క కాలువ. అమ్మమ్మ కాపురానికి వచ్చేనాటికి ఆ కాలువ లేదు. అది రాకముందు ఎండాకాలంలో బిందెడు మంచినీళ్ళకోసం ఎంత దూరం నడిచేవాళ్ళో ఎవరూ అడగకపోయినా చెబుతూ ఉండేది. ఊళ్ళో నూతులన్నీ ఉప్పే. అందుచేత మా ఇంట్లో నీళ్ళు రెండు జాతులు. కాలువ నీళ్ళు తాగడానికీ వంటకీ. అవి మంచినీళ్ళు. నూతి నీళ్ళు స్నానానికీ, గిన్నెలకీ, పశువుల సావిడి కడగడానికీ. అవి వాడుక నీళ్ళు. మంచినీళ్ళ బిందెలు వంటింటి పక్క చీకటి గదిలో తడి ఇసుక మీద ఉండేవి. ఆ గదిలోకి వెళితే తడి ఇసుక వాసనా, మూతలుగా వేసిన ఇత్తడి పళ్ళేల వాసనా కలిసి వచ్చేవి. ఆ బిందెలమీద అధికారం అమ్మమ్మది. ఎవరైనా కాళ్ళు కడుక్కోవడానికి అందులో చెంబు ముంచితే పెరట్లో ఉన్నా ఆమెకు తెలిసిపోయేది.

బావ మా మేనమామ కొడుకు. నాకన్న కొంచెం పెద్ద. ఇద్దరం ఒకే పలక పట్టుకుని పోట్లాడుకుంటూ బడికి పోయేవాళ్ళం. బడి అంటే తాటాకు పాక. వానాకాలంలో చూరునుంచి కారిన నీళ్ళ మరకలు గోడమీద ఉండేవి. కింది తరగతుల్లో పిల్లలు బాగానే ఉన్నారు. పై తరగతిలో మాత్రం మేం గుప్పెడుమందిమి. ఆ తరగతిని మాస్టారు పట్టుబట్టి పెట్టించారు. ఊరి పెద్దలకు దానిమీద నమ్మకం లేదు. ఉత్తరం రాసుకోవడం వస్తే చాలదా అని మునసబుగారు ఎన్నోసార్లు అన్నారు.

మాస్టారు సన్నటి మనిషి. రాజమహేంద్రవరంలో చదువుకుని వచ్చారు. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. నూర్పిళ్ళు అయిపోయిన రోజుల్లో ఒకనాడు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, ఇన్‌స్పెక్టరుగారు రాబోతున్నారనీ, చదివించడం, లెక్కలు అడగడంతో సరిపెట్టరనీ, పిల్లలు ప్రకృతి శాస్త్రంలో ఏదో ఒకటి తమ చేతులతో చేసి చూపించాలనీ చెప్పారు. అది ఆయనకు నచ్చితే పై తరగతి ఉంటుంది. నచ్చకపోతే ఎత్తేస్తారు.

ఎత్తేస్తే మా గతి ఏమిటో అప్పటికే నిర్ణయమై ఉంది. బావను కాకినాడలో తెలిసినవారి ధాన్యం కొట్టులో పెడతానని మావయ్య భోజనాల దగ్గర చెప్పాడు. నన్ను మెట్టకు పంపేస్తారు. బావ ఆ పూట పెరుగన్నం వదిలేసి లేచిపోయాడు. చెయ్యి కడుక్కునే చోట నాతో, "నేను ఆ కొట్టుకి పోను. ఏం చెయ్యాలో అది చేద్దాం," అన్నాడు.

ఏం చెయ్యాలో అన్నదే చిక్కు. బావకు లాకు కట్టాలని ఉండేది. కాలువమీద పడవలు దాటే లాకు ఎలా ఉంటుందో అలాగే అరటి దొప్పలతో బళ్ళో కట్టాడు. తలుపులు కూడా పెట్టాడు. నీళ్ళు పోసేసరికి దొప్పలు విడిపోయి మాస్టారి చాపా, ఆయన కూర్చునే పీటా తడిసిపోయాయి. ఇంకొకడు సూదంటురాయి అన్నాడు. రాయి ఎవరి దగ్గరా లేదు. దీపం మీద గాజు గ్లాసు బోర్లిస్తే ఆరిపోతుందని పుస్తకంలో ఉంది. అది చెయ్యబోయి ఊళ్ళో ఉన్న నాలుగు లాంతర్లలో ఒకదాని చిమ్నీ పగలగొట్టాం. లాంతరు మునసబుగారిది. నెల్లాళ్ళపాటు మేం కనబడితే చాలు, ఆయన చెయ్యి చిమ్నీ ఆకారంలో పెట్టి చూపించేవారు.

మాస్టారు మమ్మల్ని కోప్పడలేదు. తేలికది వెతకండి అన్నారు. తేలికంటే సులువైనదని కాదట. మన ఇళ్ళల్లో దొరికే వస్తువులతో అవాలి, మన చేతులతోనే చెయ్యాలి, చూసేవాడికి మనం నోరు విప్పకుండానే కనిపించాలి. అలాంటిది దొరకడమే కష్టం అన్నారు.

ఆ సాయంత్రం అమ్మమ్మ గూట్లోంచి ఆవాల డబ్బా తీస్తుంటే చిల్లగింజ ఒకటి కింద పడింది. వరదల రోజుల్లో కాలువ ఎర్రగా వచ్చినప్పుడు ఆ గింజను బిందె లోపల రాసేవాళ్ళు. కాసేపటికి మట్టి అడుక్కి దిగి నీళ్ళు తేటపడేవి. ఏటా మన్యంనుంచి వచ్చే పడవల్లో చింతపండుతో పాటు ఆ గింజలు వచ్చేవి. అమ్మమ్మ వాడిన గింజలు ఒకపక్క అరిగి నున్నగా ఉండేవి. దాన్ని తీసుకుని మర్నాడు మాస్టారికి చూపించాను.

ఆయన గింజను వేళ్ళమధ్య తిప్పి, "వేస్తే తేరతాయి. బాగానే ఉంది. వెయ్యకపోతే తేరవా?" అని అడిగారు.

తేరవన్నాను.

"ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. గింజ రాయకుండా బిందె పక్కన పెట్టి కనిపెట్టుకుని కూర్చునే తీరిక మా ఊళ్ళో ఏ ఇల్లాలికీ లేదు. అందుకని మాస్టారు రెండు కుండలు పెట్టమన్నారు. నీళ్ళు అవే, మట్టి అదే, కొలత అదే. ఒకదానిలో గింజ, రెండోదానిలో ఏమీ లేదు. రెండో కుండను ఎవరూ ముట్టుకోకూడదు. మట్టి ఎంత దిగిందో తెలియడానికి బావ ఒక ఉపాయం చెప్పాడు. తన అక్కలు ఆడుకునే గవ్వలు రెండు కాజేసి, దారాలు కట్టి, ఒక్కొక్క కుండలో మధ్యకు వేలాడదీశాడు. గవ్వ కనబడితే తేరినట్టు.

కాలువ నీళ్ళల్లో పొలం మట్టి కలిపి చేశాం. మొదటి కుండలో గవ్వ తెల్లగా కనబడింది. రెండో కుండ సాయంత్రం దాకా చూసినా ఎర్రగానే ఉండిపోయింది. మళ్ళీ మళ్ళీ చేశాం. ప్రతిసారీ అంతే. బావ ఊళ్ళో అందరితో అయిపోయిందన్నాడు. అక్కలు గవ్వలకోసం ఇల్లంతా వెతుకుతున్నారు.

ఇన్‌స్పెక్టరుగారి రాక మాత్రం వెనక్కి వెనక్కి పోయింది. ఈలోగా ఎండలు ముదిరి, ఏటా చేసినట్టే మరమ్మతులకు కాలువ కట్టేశారు. కట్టేముందు ఊరివాళ్ళు మంచినీళ్ళ గుంట నింపుకునేవారు. మళ్ళీ కాలువ వదిలేదాకా అదే ఆధారం. ఇంటికి ఇన్ని బిందెలని వంతులు. ఆవకాయల రోజులు. ఇంట్లో ఎక్కడ చూసినా ఆవపిండి ఘాటు, కోసిన మామిడికాయల పులుపు. వచ్చినవాళ్ళకు ముంజెలు పెట్టేవాళ్ళు గాని అడగనిదే మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు కాదు.

ఇన్‌స్పెక్టరుగారు రేపొస్తారనగా ప్రయోగానికి నీళ్ళు కావలసివచ్చాయి. అమ్మమ్మను అడిగాను. ఆమె మామిడి ముక్కలు తుడుస్తోంది. తల ఎత్తలేదు. "మట్టి కలుపుకోడానికి మంచినీళ్ళా? నుయ్యి ఎండిపోయిందేంటి?" అంది.

అది మాకూ న్యాయంగానే తోచింది. తాగబోయే నీళ్ళు కావు కదా. ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు. నూతి నీళ్ళు తోడుకుపోయాం.

మర్నాడు సవారీ బండిలో ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. తెల్లటి తలపాగా, నల్ల కోటు. ఎండకు ఆయన ముఖం కందిపోయి ఉంది. మునసబుగారూ మావయ్యా వచ్చి బల్లమీద కూర్చున్నారు. కుండలు పొద్దున్నే పెట్టి తాటాకు మూతలు వేశాం. పఠనం, లెక్కలు అయ్యాక మాస్టారు మమ్మల్ని చూశారు. నేను మొదటి మూత తీశాను. గవ్వ కనబడింది. బావ రెండో మూత తీశాడు. అందులోనూ గవ్వ కనబడింది.

బావ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. కుండలోకి చూసి, నన్ను చూసి, మళ్ళీ కుండలోకి చూశాడు.

"తేడా ఏది?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

మునసబుగారు మంచివారు. చిమ్నీ సంగతి మరిచిపోయి, దాంట్లో కూడా గింజ కాస్త పడి ఉంటుందిలెండి, పిల్లలు కదా అన్నారు. అప్పుడు మాస్టారు ఔనంటే సరిపోయేది. ఆయన నా వైపూ బావ వైపూ చూశారు. పడలేదని ఇద్దరం తల ఊపాం.

"పడలేదండి," అన్నారు మాస్టారు. "ఇదివరకు చేసినప్పుడు ఇలా అవలేదు. ఇవాళ ఎందుకు అయిందో నాకు తెలియదు. కనుక్కోడానికి గడువు కావాలి."

ఇన్‌స్పెక్టరుగారు కలం మూశారు. సముద్రం వైపు ఊళ్ళ బడులు చూసుకుని మంగళవారం మా రేవులోనే పాయ దాటుతానన్నారు. అందాకా ఈ తరగతి మాట రాయనన్నారు.

బండి వెళ్ళిపోయాక బావ రెండో కుండను కాలితో తన్నబోయి ఆగాడు. "ఇది లేకపోతే మనం గెలిచేవాళ్ళం మాస్టారూ," అన్నాడు.

"ఇది లేకపోతే మనం చేసింది గారడీరా," అన్నారాయన. అని ఆ కుండ తీసి పాకలో ఎత్తుమీద పెట్టారు.

ఆ మూడు నాలుగు రోజులూ మేం చెయ్యనిది లేదు. కుండ మార్చాం. మట్టి మార్చాం. పాత కుండలో ఎప్పటిదో గింజ వాసన ఉందేమోనని కొత్త కుండ తెచ్చాం. నూతి నీళ్ళల్లో ఏ మట్టి కలిపినా గింజ లేకుండానే దిగిపోయింది. మావయ్య కాకినాడకు కబురు పంపాడని అత్తయ్య చెప్పింది.

సమాధానం వంటింట్లోనే దొరికింది. ఆదివారం నాడు గుంటనుంచి మంచినీళ్ళు తేవడం బావ వంతు. ఎండకు బద్ధకించి, దారిలో నూతి దగ్గరే బిందె నింపుకొచ్చి ఇసుక మీద పెట్టేశాడు. ఆ పూట కొత్తావకాయ. దానిలోకి ముద్దపప్పు. పొయ్యిలో కట్టెలు అయిపోతున్నాయి గాని పప్పు బద్దలు బద్దలుగానే ఉంది. అమ్మమ్మ బిందెలోంచి అరచేతిలో నీళ్ళు పోసుకుని నాలికమీద వేసుకుంది. తరవాత బావను పిలిచింది.

"దొంగవెధవా, ఉప్పునీళ్ళల్లో పప్పు ఉడుకుతుందిట్రా? మీ కళ్ళకి రెండూ నీళ్ళే. పొయ్యికి తెలుసు తేడా," అంది.

బావ గుమ్మందాకా పరిగెత్తి అక్కడ ఆగిపోయాడు. నేనూ అన్నం ముందు అలాగే కూర్చుండిపోయాను. బడికి మేం తెచ్చినవి వాడుక నీళ్ళు. మొదట్లో చేసినవి కాలువ నీళ్ళు. మేం అన్నీ మార్చాం గాని నీళ్ళు మార్చలేదు. మట్టి కలపడానికి నీళ్ళల్లో జాతులుంటాయని మాకు తోచలేదు.

తినకుండానే మాస్టారి ఇంటికి పోయాం. ఆయన విన్నవెంటనే లేచారు. తమ ఇంటి మంచినీళ్ళు చెంబుడు తెచ్చి, రెండు గిన్నెల్లో పోసి, మట్టి కలిపి, ఒకదానిలో చారెడు ఉప్పు వేశారు. ఉప్పు వేసింది తేరింది. వెయ్యనిది తేరలేదు. ఆయన నవ్వగా మేం చూసింది అదొక్కసారే. తరవాత, రేవులో చూపించాలంటే రెండు కుండలనిండా మంచినీళ్ళు కావాలి, ఈ రోజుల్లో ఎవరిని అడుగుతాం అన్నారు.

ఇంటికి వచ్చి జరిగిందంతా అమ్మమ్మకు చెప్పాను. నీళ్ళు అడగలేదు. అడిగే మొహం లేదు. ఆమె ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ కడుతోంది. తరగతి ఎత్తేస్తే బావ కాకినాడకూ నేను మెట్టకూ పోవాలి కదా అని, తెలిసిన సంగతే మళ్ళీ అడిగింది. ఔనన్నాను. వాసెన ముడి బిగించి లేచింది.

"రేపు నా బిందె పట్టుకుపోండి. రేపు నాకు ఉపవాసం. నీళ్ళు కూడా పుచ్చుకోను."

ఆ ఎండల్లో ఆ మాట విని భయం వేసింది. రేపు ఏకాదశి కాదుగా, ఏం తిథి అని అడిగాను.

"నా ఉపవాసానికి తిథి నువ్వు చెబుతావా? పట్టుకుపో. ఒలికిస్తే చేతులు విరగ్గొడతాను."

సోమవారం రాత్రికే బిందె మాస్టారింటికి చేర్చాం. ఆయన పంచాంగం చూడకుండా తిథులు చెప్పగలిగినవారు. ఉపవాసం మాట విని బిందెకు రెండు చేతులతో దణ్ణం పెట్టి లోపల పెట్టుకున్నారు.

మంగళవారం తెల్లవారకముందే రేవులో తాటిచెట్ల నీడన మూడు కుండలు పెట్టాం. ఒకదానిలో మంచినీళ్ళు, గింజ. ఒకదానిలో మంచినీళ్ళే. మూడోదానిలో నూతి నీళ్ళు. మూడింటిలోనూ ఒకే పొలం మట్టి, ఒక్కొక్క గవ్వ. ఇన్‌స్పెక్టరుగారి బండి వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. పాటు సమయం, పాయలో నీరు బాగా తీసి ఉంది. పడవ ఇసుకలో కూరుకుపోయి ఉంది. పోటు వస్తేగాని కదలదని పడవవాడు చెప్పాడు. ఆయన విసుక్కుంటూ నీడకు వచ్చి కుండల ముందు గొంతుక్కూర్చున్నారు.

గింజ వేసిన కుండలో గవ్వ ఉంది. ఉత్త మంచినీళ్ళ కుండ ఎర్రగా ఉంది. నూతి నీళ్ళలో గవ్వ ఉంది.

"మూడోదానిలో గింజ లేదా?"

"లేదండి. ఉప్పునీళ్ళు," అన్నాడు బావ.

"ఉప్పువల్లే అని ఏంటి నమ్మకం? నూతిలో ఇంకేదైనా ఉండచ్చుగా?"

ఈసారి నేను చెప్పాను. మంచినీళ్ళల్లో వంట ఉప్పు వేసి చూశామని. ఆయన తల ఎత్తి మాస్టారి వైపు చూశారు. మాస్టారు నీటి వైపు చూస్తున్నారు. మాకు జవాబు అందించాలన్న ఆత్రం ఆయనలో లేదు.

ఇన్‌స్పెక్టరుగారు వరదల్లో ఈ పాయ ఏ రంగులో వస్తుందని అడిగారు. ఎర్రగా అన్నాం. ఆ ఎర్రనీళ్ళు ఎక్కడికి పోతాయి? సముద్రంలోకి. సముద్రం ఉప్పే కదా?

"అయితే అక్కడ ఏమవుతుంది?"

"మట్టి దిగిపోతుందండి," అన్నాడు బావ.

"దిగి?"

బావ తన కాళ్ళకింద చూసుకున్నాడు. అక్కడ పాయ తెచ్చి వేసిన ఒండ్రు ఎండి బీటలు తీసి ఉంది.

"మనూరవుతుందండి," అన్నాడు.

అంతలో పడవవాడు పోటు అందుకుందని కేక వేశాడు. పాయ కూడా ఈ రోజుల్లో ఉప్పే, రేవు నీళ్ళతో చేసి చూస్తారా అండి అని బావ అడిగాడు. తనకిక ఆగడానికి వీల్లేదని, ఎర్రగా ఉన్న కుండ పారబోసి, రేవు నీళ్ళు ముంచి, మట్టి కలిపి, గవ్వతో సహా పడవలో పెట్టమన్నారు ఇన్‌స్పెక్టరుగారు. కోటు మోకాళ్ళమీదకు లాక్కుని, కుండను పాదాల మధ్య పట్టుకుని కూర్చున్నారు. పడవ ఇసుక మేటలు తప్పించుకుంటూ అవతలి ఒడ్డు చేరడానికి చాలాసేపు పట్టింది. మేం అక్కడే నిలబడ్డాం. మాస్టారు కూడా.

పడవ తిరిగొచ్చాక పడవవాడు ఖాళీ కుండ బావ చేతికిచ్చాడు.

"గవ్వ కనబడిందని చెప్పమన్నారండి," అన్నాడు మాస్టారితో.

తరగతి ఉండిపోయింది. కాకినాడ మాట మావయ్య మళ్ళీ ఎత్తలేదు. ఆ సాయంత్రం అమ్మమ్మ మజ్జిగ తాగుతూ, రేవులో ఏం జరిగిందో బావచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. అక్కలు గవ్వలు లాక్కున్నారు.

ఆ పాక లేదు. ఆ రేవు కూడా పాయ కోసుకుపోయింది. మాస్టారు ఆ పై ఏడు వేరే ఊరు వెళ్ళారు. తరవాత ఆయన కబురు తెలియలేదు. బావ మాస్టారయ్యి సముద్రం పక్క ఊళ్ళల్లో ఓపిక ఉన్నంతకాలం పాఠాలు చెప్పాడు. మొన్నీమధ్యనే అతని అస్థికలు తీసుకుని అతని కొడుకుతో కలిసి గోదావరి సముద్రంలో కలిసే చోటికి పోయాను. వరద నీరు. ఎర్రనీళ్ళూ నల్లనీళ్ళూ కలిసే గీత పడవలోంచి కనబడింది. పురోహితుడు ఏదో చదువుతున్నాడు. నేను వినలేదు. రేవులో కాళ్ళకింద చూసుకున్న పిల్లవాడు గుర్తొచ్చాడు. అది చాలు.

ఇవాళ పొద్దున్న మనవణ్ణి పిలిచి, రెండు గాజు సీసాలు తెమ్మన్నాను. రెండింటిలోనూ మట్టినీళ్ళు పోయించి, ఒకదానిలో ఏం వెయ్యాలో చెప్పాను. రెండోది ఎందుకన్నాడు.

"దాన్ని ముట్టుకోకు. పక్కన ఉండనీ."

"ఏమవుతుంది తాతగారూ?"

చెప్పనన్నాను. ఒకవేళ తప్పొస్తే అందరూ నవ్వుతారని వాడి భయం. తప్పొస్తే ఎందుకొచ్చిందో కనుక్కోవాలి, ప్రదర్శనకు ఇంకా రోజులున్నాయి అన్నాను. ఇంట్లో గవ్వలు లేవట. చొక్కా బొత్తాం పనికొస్తుందా అని అడిగాడు. వస్తుందన్నాను.

సీసాలు రెండూ కిటికీలో ఉన్నాయి. మొదటిదానిలో బొత్తాం కనబడటం మొదలైంది. వాడు దానివైపు చూడటం లేదు. రెండోదాని ముందు కూర్చున్నాడు.